సెటిల్‌మెంటు: ఒక్క మాట, అనేక చరిత్రలు

2010 ప్రాంతంలో, కోస్తా జిల్లాలలోని ఒక రెవెన్యూ డివిజను కార్యాలయంలో నేను పనిచేస్తున్న రోజులలో, డెబ్బై ఏళ్లు పైబడిన రైతు ఒకరు గుడ్డసంచితో వచ్చి నా ఎదుట కూర్చున్నారు. సంచిలో మూడు కాగితాలున్నాయి. మొదటిది, రెవెన్యూ శాఖ వాడుకలో ఆర్.ఎస్.ఆర్. అని పిలిచే రీసెటిల్‌మెంటు రిజిస్టరు నకలు. రెండవది, ఆయన తండ్రి ఆయన పేర వ్రాసి ఇచ్చిన దాన సెటిల్‌మెంటు దస్తావేజు. మూడవది, పంట అప్పును ఒకేసారి కొంత తగ్గింపుతో చెల్లించి ముగించుకోవచ్చునని ఒక బ్యాంకు పంపిన ‘ఒన్ టైమ్ సెటిల్‌మెంటు’ ఉత్తరం. ఆ గడువులోగా బాకీ కట్టాలంటే అర ఎకరం అమ్మక తప్పదు. అమ్మబోతే రిజిస్ట్రేషను జరగలేదు.

“అయ్యా, మూడు కాగితాల మీదా సెటిల్‌మెంటు అనే ఉందని మా మనవడు చదివి చెప్పాడు. మూడుసార్లు సెటిలైన భూమి అమ్ముకోవడానికి పనికిరాదంటే ఎట్లాగండీ?” అని ఆయన అడిగారు.

“పెద్దాయనా, మాట ఒకటే గాని మూడింటికీ అర్థాలు వేరు” అని చెప్పి, ఒక్కొక్క కాగితాన్నీ వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు గాని సమాధానపడలేదు. ఆ సాయంత్రం ఆలోచిస్తే ఆయన ప్రశ్నలో న్యాయం లేకపోలేదని తోచింది. ఒక్క ఇంగ్లీషు మాట ఇన్ని రంగాలలో ఇన్ని అర్థాలతో మన దేశ చరిత్రలోకి ఎట్లా ప్రవేశించింది? ఆ అర్థాల మధ్య సంబంధమేమైనా ఉన్నదా? ఆ పరిశీలనే ఈ వ్యాసం ఉద్దేశం.

మాట పుట్టుక

ఇంగ్లీషులోని ‘సెటిల్’ అనే క్రియకు ప్రాచీన ఆంగ్లంలో ఆసనమనే అర్థంగల ‘సెట్ల్’ అనే నామవాచకం మూలం. ఆసనంపై కూర్చుండబెట్టడం దీని మొదటి అర్థం. ఇండో-యూరోపియన్ భాషాకుటుంబంలో దీనికి సంస్కృతంలోని ‘సద్’ ధాతువు తోబుట్టువు. మనం నిత్యం వాడే సదనం, సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు అనే మాటలన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. అదే ధాతువుకు ‘ప్ర’ చేరితే ‘ప్రసన్నం’ అవుతుంది. మడ్డి అడుగుకు దిగి, నీరు తేరి, తేటపడిన స్థితి అది. ‘వి’ చేరితే విషాదం, విషణ్ణత అవుతాయి. అది మనిషి కుంగిపోయిన స్థితి. కూర్చోవడం, తేరుకోవడం, కుంగిపోవడం అనే మూడు భావాలూ ఇంగ్లీషు మాటలోనూ ఉన్నాయి. మనుషులు ఒకచోట కుదురుకుంటే సెటిల్ అయ్యారంటారు, మడ్డి దిగి నీరు తేరినా ఆ క్రియనే వాడతారు, గోడ కుంగినా అదే మాట.

ఈ మాట ఇంగ్లండులో చట్టభాషలోకి 17వ శతాబ్దిలోనే బలంగా పాదుకొన్నది. 1652లో క్రామ్‌వెల్ కాలపు పార్లమెంటు ఐర్లండు సెటిల్‌మెంటు చట్టం చేసింది. దాని ఫలితంగా ఐర్లండులో అనేకమంది కాథలిక్ భూస్వాముల భూములు జప్తయి ఇంగ్లీషువారి పరమయ్యాయి. 1662 నాటి సెటిల్‌మెంటు చట్టం ప్రకారం బీదవాడు ఏ పారిష్‌కు చెందినవాడో ఆ పారిష్ మాత్రమే అతనిని పోషించాలి. అద్దె చాలని ఇంట దిగిన కొత్తవానిని 40 రోజులలోగా వెనుకకు పంపవచ్చు. 1701 నాటి సెటిల్‌మెంటు చట్టం రాజసింహాసనానికి వారసులెవరో నిర్ణయించింది. అంటే భారతదేశానికి రాకమునుపే ఈ మాట రాజుకు సింహాసనాన్ని ఖాయం చేసింది, బీదవానికి ఉండదగిన ఊరును నిర్దేశించింది, ఓడినవాని భూమిని గెలిచినవానికి కట్టబెట్టింది. మాట మూడు చోట్లా ఒకటే. కాని సెటిల్ చేసినవారు ఒకరు, సెటిల్ చేయబడినవారు మరొకరు.

శిస్తు, బందోబస్తు

మన దేశ చరిత్ర విద్యార్థికి సెటిల్‌మెంటు అనగానే గుర్తుకు వచ్చేది 1793 మార్చి 22న కార్న్‌వాలిస్ ప్రకటించిన శాశ్వత శిస్తు నిర్ణయం. బెంగాలు, బీహారు, ఒరిస్సా ప్రాంతాలలో జమీందార్లు కంపెనీకి చెల్లించవలసిన మొత్తం సుమారు 2 కోట్ల 68 లక్షల రూపాయలుగా ఎప్పటికీ మారకుండా ఖాయమైంది. వసూలులో 11 వంతులకు 10 వంతులు ప్రభుత్వానికి, ఒక వంతు జమీందారుకు అని లెక్క. గడువు రోజున సూర్యుడస్తమించేలోగా సొమ్ము చేరకపోతే ఎస్టేటు వేలానికి వచ్చేది. తొలి దశాబ్దాలలో పెక్కు ఎస్టేట్లు అట్లా చేతులు మారాయి. కంపెనీకి రావలసిన సొమ్ము మాత్రం శాశ్వతంగా ఖాయమైంది. సేద్యం చేసే రైతు చెల్లించవలసినదెంతో ఆ ఏర్పాటు ఖాయం చేయలేదు.

తెలుగుదేశానికి ఈ పద్ధతి 1802 నాటి మద్రాసు 25వ రెగ్యులేషను ద్వారా వచ్చింది. మొగలు ఫర్మానా ద్వారా 1765లోను, నిజాముతో ఒప్పందం ద్వారా 1766లోను కంపెనీకి దఖలుపడి, 1788లో గుంటూరు సీమ చేరికతో పూర్తయిన ఉత్తర సర్కారులలో, జమీందార్లకు శాశ్వత సనదులిచ్చి పేష్కషు నిర్ణయించారు. జమీందార్ల అధీనంలో లేని హవేలీ భూములను ముఠాలుగా విభజించి వేలం వేశారు. ఆ ముఠాలలో చాలాభాగం పేష్కషు చెల్లించలేక తిరిగి ప్రభుత్వం చేతికే వచ్చాయి. గుంటూరు సీమను 1832-33లో డొక్కల కరువు తుడిచిపెట్టింది. 19వ శతాబ్ది మధ్యకల్లా అక్కడి జమీందారీలు బకాయిల కింద ప్రభుత్వ స్వాధీనమయ్యాయి.

ఇందుకు భిన్నమైన మార్గం బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రోలు ప్రారంభించిన రైత్వారీ. 1800లో నిజాము కంపెనీకి దత్తం చేసిన కడప, బళ్లారి ప్రాంతాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో, 1807 వరకు అక్కడ పొలం పొలాన్నీ కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పుదల చేయించాడు. శిస్తు బరువు ఎక్కువగా ఉన్నదని గ్రహించి నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేసింది కూడా ఆయనే. ఆయన 1820లో మద్రాసు గవర్నరైన తరువాత రైత్వారీ రాజధాని అంతటా సాధారణ పద్ధతి అయింది. బెంగాలు సెటిల్‌మెంటు ఎప్పటికీ మారనిది. రైత్వారీలో ఏటేటా జమాబందీ జరగాలి. 1858లో మద్రాసులో ప్రత్యేక సెటిల్‌మెంటు శాఖ ఏర్పడిన తరువాత 30 ఏళ్లకొకసారి శిస్తురేటును తిరిగి నిర్ణయించే ఆచారం స్థిరపడింది. ఒక చోట శాశ్వతం, ఒక చోట వార్షికం, మరొక చోట ముప్పై ఏళ్లు. మూడింటికీ పేరు మాత్రం సెటిల్‌మెంటే.

హైదరాబాదు సంస్థానంలో మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ అమలు చేసి, 1870ల నుంచి బొంబాయి పద్ధతిలో సర్వే, సెటిల్‌మెంటులను ప్రారంభించాడు. ఆ సెటిల్‌మెంటు తయారుచేసిన మూలగ్రంథం సేత్వార్. తెలంగాణ పల్లెల్లో భూమి తగాదా వచ్చిన ప్రతిసారీ ఆ మాట నేటికీ వినబడుతుంది.

ఇక్కడ ఒక భాషావిశేషాన్ని పేర్కొనడం అప్రస్తుతం కాదు. ఇంగ్లీషువారు సెటిల్‌మెంటు అన్నదానిని మొగలాయి దఫ్తరుల పారసీ బందోబస్తు అన్నది. హిందీలో నేటికీ కార్న్‌వాలిస్ ఏర్పాటు ‘స్థాయీ బందోబస్త్’, బెంగాలీలో ‘చిరస్థాయీ బందోబస్త్’. పారసీలో బందోబస్తుకు మూలార్థం కట్టడం, బిగించడం. ఇంగ్లీషు మాట భూమిని కూర్చుండబెట్టింది, పారసీ మాట దానిని కట్టిపడవేసింది. తెలుగులో బందోబస్తు శిస్తు అర్థాన్ని వదిలి పోలీసు కాపలాకు స్థిరపడింది. రాష్ట్ర రాజధానికి ప్రముఖులు వచ్చినపుడు బందోబస్తు ఏర్పాటవుతుంది. శిస్తు అర్థం కోసం మనం ఇంగ్లీషు మాటనే ఉంచుకొన్నాము.

రిజిస్టరులో చుక్కలు

ముప్పై ఏళ్ల గడువు ముగిసిన ప్రతిసారీ జరిగేది రీసెటిల్‌మెంటు. అధికారి దృష్టిలో అది లెక్కల సవరణ, రైతు దృష్టిలో శిస్తు పెంపు. 1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టా జిల్లాలలో రీసెటిల్‌మెంటు పేరిట శిస్తు పెంచబోయినపుడు రైతులు తీవ్రంగా ప్రతిఘటించారు. ఆంధ్రలో రైతు సంఘాలు బలపడడానికి ఆ ఆందోళన ఒక ముఖ్య కారణం.

శిస్తు కోసం తయారైన ఆ రిజిస్టర్లు స్వాతంత్ర్యానంతరం మరొక పనికి వచ్చాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. 1949లో హైదరాబాదు జాగీర్లు రద్దయ్యాయి. తరువాతి దశాబ్దాలలో శిస్తు నామమాత్రమైంది. కాని భూమి ఎవరిదన్న ప్రశ్నకు మూలసాక్ష్యంగా సెటిల్‌మెంటు రిజిస్టరే మిగిలింది. ఎంత వసూలు చేయాలో తేల్చడానికి వ్రాసిన పుస్తకం, ఎవరికి హక్కున్నదో తేల్చే పుస్తకమైంది.

సర్వే నాడు ఫలానావారిదని తేలని భూమికి, ఆ రిజిస్టరులోని పట్టాదారు గడిలో గుమాస్తా పేరుకు బదులు చుక్కలు పెట్టాడు. శిస్తు లెక్కకు ఆ చుక్కలు అడ్డు కాలేదు. తరతరాలుగా కొందరు ఆ భూములను దున్నుకొంటూనే ఉన్నారు, పన్నులు కడుతూనే ఉన్నారు. అయితే ప్రభుత్వ భూముల అన్యాక్రాంతాన్ని అరికట్టే ఉద్దేశంతో 2007లో రిజిస్ట్రేషను చట్టంలోని 22-ఏ సెక్షను కొత్తరూపం దాల్చి, నిషేధిత భూముల జాబితాలు తయారయ్యాక, పేరు లేని చోట ఉన్నది ప్రభుత్వ భూమేనన్న అనుమానం బలపడింది. అట్లా నిలిచిపోయినవే చుక్కల భూములు. నా ఎదుట కూర్చున్న పెద్దాయన భూమి వాటిలో ఒకటి. రీసెటిల్‌మెంటు రిజిస్టరు అని పేరున్న పుస్తకంలో, సెటిల్ చేయకుండా వదలిన గడి ఆయనది.

రేవుల నుంచి తోటల దాకా

భూమి శిస్తుకు ముందే ఈ మాట తూర్పుతీరానికి ఓడలలో వచ్చింది. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషువారు నెలకొల్పిన వర్తకస్థానం మొదట ఫాక్టరీ. కోటగోడలు, తుపాకులు, న్యాయస్థానం చేరిన కొద్దీ అటువంటి వర్తకస్థానాలే సెటిల్‌మెంట్లయ్యాయి. డచ్చివారికి పులికాట్, భీమునిపట్నం, ఫ్రెంచివారికి యానాం అటువంటి స్థావరాలే. ఫ్రెంచివారు తమ స్థావరాలకు వాడిన ‘ఎతాబ్లిస్‌మాఁ’ అనే మాటకు మూలమైన ధాతువూ, మన ‘స్థావరం’లోని ‘స్థా’ ధాతువూ సోదరులు. 1954లో యానాం భారతదేశంలో కలిసిపోవడంతో తెలుగునేలపై ఆ అర్థానికి కాలం చెల్లింది.

ఆగ్నేయాసియాలో ఇంగ్లీషువారు 1826లో పెనాంగు, మలక్కా, సింగపూరులను కలిపి స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ అనే పాలనా విభాగం ఏర్పరచారు. 1867లో అది నేరుగా బ్రిటిషు ప్రభుత్వపు వలస అయి, 1946లో రద్దయింది. ఆ రేవులలోని పాత రోడ్లు, భవనాలు అనేకం భారతదేశం నుంచి ద్వీపాంతరశిక్షపై వచ్చిన ఖైదీల చేతులతో కట్టినవి. 1858లో అండమానులోని పోర్టుబ్లెయిరులో ఏర్పడిన ఖైదీల స్థావరానికి కూడా ‘పీనల్ సెటిల్‌మెంటు’ అనే పేరే పెట్టారు. తరువాత మలయా తోటలకు కూలికి వెళ్లిన భారతీయులలో తమిళులతో పాటు ఉత్తర కోస్తా జిల్లాల తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి నేటికీ మలేషియాలో తెలుగు బడులు, సంఘాలు నిలుపుకొంటున్నది. ఖైదీకి స్థావరం, వర్తకునికి స్థావరం, కూలికి స్థావరం వేరువేరు అనుభవాలు. పటం మీద వాటికి దక్కిన పేరు ఒక్కటే.

కంచెలోపలి సెటిల్‌మెంటు

ఈ మాట చరిత్రలో అతి బాధాకరమైన అధ్యాయం నేరస్థ జాతుల చట్టానికి సంబంధించినది. 1871లో ఉత్తరభారతంలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ విస్తరించిన ఈ శాసనం, కొన్ని సంచారజాతులలో పుట్టుకనే నేరచిహ్నంగా పరిగణించింది. ఆ కుటుంబాలను ఒకచోట ఉంచి, పని నేర్పించి, కనిపెట్టి ఉండడానికి ఏర్పరచిన ఆవాసాలకు చట్టం పెట్టిన పేరు సెటిల్‌మెంటు.

ఎరుకల కుటుంబాల కోసం 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో వెలసిన స్టూవర్టుపురం వీటిలో ప్రసిద్ధమైనది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీ, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఇటువంటివే నడిపాయి. ఉప్పు, ధాన్యం ఎద్దులపై మోసుకొంటూ ఊరూరా తిరిగిన ఎరుకలవారి జీవనోపాధిని రైళ్లు, ఉప్పు చట్టాలు అప్పటికే దెబ్బతీశాయి. తిరుగుడే జీవితమైన వారికి కుదురు కల్పిస్తున్నామని పాలకులు భావించారు. లోపల ఉన్నవారికి అది హాజరుపట్టీ, బయటికి పోవడానికి అనుమతి చీటీ, చీరాల పొగాకు కర్మాగారంలో కూలిపని. పొలం దక్కినవారూ, బడిలో చదువుకొని ముందుకు వచ్చినవారూ ఉన్నారు. ఆ మేలును కాదనలేము. కాని కదలడానికి ఇంకొకరి అనుమతి కావలసిన మనిషి స్థిరపడ్డాడనడం మాటకు అన్యాయం చేయడమే. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఊరిపేరుకు అంటుకొన్న అపవాదు చెరగడానికి మాత్రం ఆ ఊరిబిడ్డలు తరువాత కూడా దశాబ్దాలు శ్రమించవలసి వచ్చింది.

నీటి అడుగు ఊళ్లు

పురావస్తు శాస్త్రజ్ఞునికి సెటిల్‌మెంటు అంటే మానవ ఆవాసం. పొయ్యి బూడిద, గుంజ గుంతలు, పెంకుముక్కలు, పశువుల దొడ్డి ఆనవాళ్లు ఆయనకు సాక్ష్యాలు. 1957లో మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ జరిపిన తవ్వకాలలో, బూడిద దిబ్బలు నవీన శిలాయుగపు పశువుల దొడ్లలో పేడకుప్పలు పదేపదే కాలడం వల్ల ఏర్పడినవని తేలింది. ఇది పేర్లు లేని మనుషుల సెటిల్‌మెంటు. ఏ రిజిస్టరులోనూ లేకపోయినా నాలుగువేల ఏళ్లకు పైబడిన వారి ఉనికిని నేల చెరపలేదు.

కృష్ణాతీరాన నాగార్జునకొండ లోయలో ఈ మాట అర్థాలు రెండు ఎదురుపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసే నాటికి, మునగబోయే ఆ లోయలో 1954లో మొదలైన విస్తృత తవ్వకాలు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సాగుతున్నాయి. 1960 వరకు జరిగిన ఆ కృషిలో రాతియుగం నుంచి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా మానవావాసాల వరుస బయటపడింది. ముఖ్యకట్టడాలను కొండమీదికి, ఒడ్డుకు తరలించి తిరిగి నిలిపారు. అదే సమయంలో లోయలోని సజీవ గ్రామాలు కూడా ఖాళీ అయ్యాయి. పాత ఆవాసాన్ని రాయి రాయి లెక్కించి తరలించిన వివరాలు నివేదికలలో సంపుటాలుగా ఉన్నాయి. కదలిపోయిన కుటుంబాల జ్ఞాపకాలకు అంత చోటు దక్కలేదు.

1947 దేశవిభజన తరువాత భారత, పాకిస్తానులు రెండింటిలోనూ ఈ మాట శరణార్థుల పరమైంది. నిర్వాసితుల నష్టపరిహార, పునరావాస చట్టం, 1954 కింద మన దేశంలో చీఫ్ సెటిల్‌మెంటు కమిషనరు పదవి ఏర్పడింది. శిస్తు నిర్ణయించే అధికారి బిరుదు, ఇల్లు పోయినవారికి ఇల్లు చూపే అధికారికి సంక్రమించింది. భూసేకరణ, పునరావాసాలకు సంబంధించిన 2013 నాటి కేంద్రచట్టం పేరులోను రీసెటిల్‌మెంటు ఉన్నది. డెల్టా రైతుకు 1920లలో శిస్తు పెంపుగా తెలిసిన మాట, నేడు గోదావరి ముంపు గ్రామాల గిరిజనులకు ఊరు మారడంగా తెలుస్తున్నది.

ఇంజనీరు, న్యాయవాది, బ్యాంకరు

ఇంజనీరుకు సెటిల్‌మెంటు అంటే పునాది కుంగుబాటు. కట్టడం బరువుకు నేలలోని నీరు మెల్లగా వెలికిపోయి మట్టి అణగుతుంది. 1925లో కార్ల్ టెర్జాగీ ఈ అణగుబాటును లెక్కగట్టే సిద్ధాంతాన్ని ప్రకటించిన తరువాత మృత్తికా యాంత్రికశాస్త్రం కొత్త పుంతలు తొక్కింది. కట్టడమంతా సమంగా కొద్దిగా కుంగితే పెద్ద ప్రమాదం లేదు. ఒక మూల ఎక్కువ, ఇంకొక మూల తక్కువ కుంగితేనే గోడ బీటవారుతుంది. 1173లో మొదలైన పీసా గోపురం ఒరిగినది ఆ అసమ కుంగుబాటు వల్లనే. 1990లో దానిని మూసి, నేలను సరిచేసి, 2001లో తిరిగి తెరిచారు.

న్యాయవాది దృష్టిలో సెటిల్‌మెంటు మరొకటి. 1899 నాటి భారతీయ స్టాంపుల చట్టం వివాహ సందర్భంలోగాని, కుటుంబసభ్యులకు పంచడానికిగాని, ధర్మకార్యానికిగాని, వీలునామా కాకుండా చేసే ఆస్తి ఏర్పాటును సెటిల్‌మెంటుగా నిర్వచించింది. తండ్రి ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద ఇచ్చే భూమి ఈ కోవలోకి వస్తుంది. ఇక్కడ సెటిల్ చేసేది ప్రేమతో ఇచ్చే చేయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం యాజమాన్యానికి, కార్మికులకు మధ్య కుదిరిన రాతపూర్వక ఒప్పందాన్ని సెటిల్‌మెంటు అన్నది. ఇక్కడ ఇరుపక్షాలూ కూర్చుంటేగాని అది లేదు. బ్యాంకుల మధ్య, వాటాల విపణిలో సొమ్ము చేతులు మారి లెక్క ముగియడం కూడా సెటిల్‌మెంటే. మన వాటాల విపణిలో బేరమైన మరుసటి పనిదినానికే ఈ లెక్క ముగించే పద్ధతి 2023 జనవరి నాటికి పూర్తిగా అమలైంది. వాటాల బేరం ఒక్కరోజులో తేలిపోయే దేశంలో, భూమి లెక్క తేలడానికి ఒక నిండు జీవితం చాలని సందర్భాలున్నాయి.

ఊరి నోట

ప్రజలు ఈ మాటను కార్యాలయాలకు వదలివేయలేదు. “అబ్బాయి సెటిలయ్యాడా?” అన్న ప్రశ్నలో ఉద్యోగం, ఇల్లు, పెళ్లి మూడూ కలిసి ఉన్నాయి. పట్టణాలలో “ఫలానావాడు సెటిల్‌మెంట్లు చేస్తాడు” అంటే, కోర్టులో ఏళ్ల తరబడి నానే స్థలం తగాదాను బెదిరించి ముగిస్తాడని అర్థం. న్యాయం ఆలస్యమైన చోటనే ఈ అర్థం బలిసిందని పాలనలో ఉన్నవారు గుర్తించవలసి ఉన్నది.

నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయిన కాలం నుంచి నిజామాబాదు ప్రాంతానికి, తుంగభద్ర కాలువలు వచ్చాక కర్ణాటకలోని రాయచూరు ప్రాంతానికి కోస్తా రైతులు వలసపోయి క్యాంపులనే పేరుతో ఊళ్లు కట్టుకొన్నారు. ‘సెటిలర్’ అనే మాట వారి వెంట వచ్చింది. తరువాత హైదరాబాదులో స్థిరపడినవారికీ అది అన్వయించింది. ఒకరి నోట అది శ్రమించి స్థిరపడినవాడని, ఇంకొకరి నోట మన వనరుల మీద వచ్చి కూర్చున్నవాడని పలికింది. 2014 విభజనకు ముందు వెనుకల ఈ ఒక్క మాట ఎందరి మనసులను గాయపరచిందో, ఎందరి ఆవేదనను సూచించిందో ఉభయ రాష్ట్రాలవారికీ తెలుసు. పుట్టినప్పటి నుంచి ఒకే ఊర ఉన్న మనుమడిని కూడా సెటిలర్ అనడంలో, ఆ మాట పాత ఐర్లండు వాసన ఇంకా పోలేదనిపిస్తుంది.

తీరినదెవరికి?

ఇన్ని అర్థాలకు ఇంగ్లీషు ఒక్క నామవాచకంతో సరిపెట్టుకొన్నది. తెలుగు అట్లా సరిపెట్టుకోదు. మనకు పెళ్లి కుదురుతుంది, బాకీ తీరుతుంది, లెక్క తేలుతుంది, నీరు తేరుతుంది, గోడ కుంగుతుంది, మనిషి స్థిరపడతాడు. అంతేకాదు, కుదిరినదానికి కుదిర్చినవాడు, తీరినదానికి తీర్చినవాడు, తేలినదానికి తేల్చినవాడు వేరుగా వినబడతారు. దానంతట అది జరిగినదా, ఒకరు జరిపించారా అన్న భేదాన్ని మన క్రియాపదాలు దాచవు. దఫ్తరు ఇంగ్లీషులో సెటిల్‌మెంటు అని వ్రాసినపుడు చేసినదెవరో, చేయించుకొన్నదెవరో రెండూ మరుగున పడతాయి. స్టూవర్టుపురం ఎరుకలవాడు, బెంగాలు జమీందారు, కూతురికి పొలమిచ్చిన తండ్రి ఒకే మాట కింద ఇమిడిపోవడానికి కారణం ఇదే.

అందువల్ల పాలనాభాషగా తెలుగును వాడవలసిన మనవంటి ఉద్యోగులు, ఈ మాటను తెలుగు లిపిలో వ్రాసినంత మాత్రాన పని ముగిసిందని భావించరాదు. ఫైలులో ఆ మాట ఎదురైన ప్రతిచోటా అది శిస్తు నిర్ణయమా, హక్కు నిర్ణయమా, పునరావాసమా, రాజీయా, బాకీ ముగింపా అని తేల్చి వ్రాయాలి. అది పాండిత్య ప్రదర్శన కాదు. శిస్తు కోసం వ్రాసిన పుస్తకాన్ని హక్కు పుస్తకంగా చదివినందువల్ల ఎందరు రైతులు ఎన్నేళ్లు నష్టపోయారో తలచుకొంటే ఆ అవసరం బోధపడుతుంది.

2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, రీసెటిల్‌మెంటు రిజిస్టరులోని చుక్కల భూములను సవరించడానికి ప్రత్యేక చట్టం చేసింది. అప్పటికి నేను వేరొక జిల్లాలో ఉన్నాను. ఆ తరువాత ఒకనాడు పెద్దాయన మనవడు ఫోను చేసి, చుక్కల స్థానంలో తమ పేరు ఎక్కిందని చెప్పాడు. తాతగారు ఆ మాట వినడానికి లేరన్నాడు. బ్యాంకు గడువు ఎప్పుడో దాటిపోయిందనీ, వేరొకరి దగ్గర అప్పు చేసి బాకీ కట్టారనీ, ఆ అప్పు ఇంకా తీరలేదనీ అన్నాడు.

ఫోను పెట్టేసిన తరువాత ఆయన అడిగిన ప్రశ్న మళ్లీ జ్ఞాపకం వచ్చింది. ఆనాడు నేను ఆయనకు మూడు సెటిల్‌మెంట్ల అర్థాలు చెప్పాను. ఆయన అడిగినది అర్థం కాదు. తన భూమి సంగతి ఎప్పుడు తేలుతుందని.